ఇసుకకి కూడా తోడు వేయాలి: గాజు తొట్టిలో సముద్రపు అడుగు కట్టిన కథ

నా వెనకాల ట్యాంక్ కనిపిస్తోంది కదా. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. అందులో ఉప్పునీళ్ళున్నాయి, అడుగున నాలుగు అంగుళాల ఇసుక ఉంది, ఓ చిన్న పంపు తిరుగుతోంది. చేపలు మాత్రం లేవు. రెండు నెలలుగా ఇంతే. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని దగ్గరికే వెళ్ళి, కాసేపు వెతికి, "చేపలేవి?" అని అడుగుతారు. మా అమ్మైతే "చేపల్లేని చేపల తొట్టి ఎందుకురా, పోనీ నాలుగు పూలైనా వేసుకుందాం" అంటోంది.

చేపలు ఎందుకు లేవో చెప్పాలంటే పోయినేడాది సంగతి చెప్పాలి. అప్పుడు ఉన్నాయి. రెండు క్లౌన్ ఫిష్‌లు, నారింజ రంగు మీద తెల్ల చారలు ఉంటాయే, అవి. హైదరాబాద్‌లో కొని, కవర్లో ఆక్సిజన్ పట్టించి, రాత్రి బస్సులో ఒళ్ళో పెట్టుకుని అశ్వారావుపేట తెచ్చాను. ఇసుక అంతకుముందే రెడీగా ఉంది. కాకినాడ వెళ్ళినప్పుడు ఉప్పాడ బీచ్‌లో ఒక సంచి నింపుకొచ్చాను. ఇంటికొచ్చాక బోరు నీళ్ళతో పదిసార్లు కడిగాను. ఆఖరున వేడినీళ్ళు కూడా పోశాను. శుభ్రంగా మెరిసిపోయింది. నాలుగో రోజు ఒక చేప పైకొచ్చి మూతి తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంది. ఆరో రోజుకి రెండూ పోయాయి.

నీళ్ళు బాగున్నాయి, ఉప్పు లెక్క సరిగ్గా ఉంది, పంపు నడుస్తోంది. తప్పు ఎక్కడుందో తెలుసుకోడానికి నాకు చాలా రోజులు పట్టింది. తప్పు ఆ కడగడంలో ఉంది. ఇసుకని శుభ్రం చేశాననుకుని దాన్ని చంపేశాను. ఇసుక బతికి ఉంటుందా అంటే, ఉంటుంది. ఆ విషయం మనుషులకి ఎప్పుడు, ఎలా తెలిసిందో చెప్పేదే ఈ ఎపిసోడ్.

మ్యాప్ తీసి చూడండి. మా ఊరి నుంచి సముద్రానికి తిన్నగా గీత గీసినా వంద కిలోమీటర్లు దాటుతుంది. చుట్టూ పామాయిల్ తోటలు, అటుపక్క అడవి. పాతకాలంలో ఇది నిజాం రాజ్యం. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాక నిజాంకి సముద్రమే లేదు. ఇప్పటికీ ఊరు దాటి కాస్త ముందుకెళ్తే ఆంధ్రా బోర్డర్. ఆ రోజుల్లో మాలాంటి ఊళ్ళో ఎవరైనా సముద్రపు చేపని బతికుండగా చూసే అవకాశం లేదు. 1909లో మద్రాసు మెరీనా బీచ్‌లో అక్వేరియం తెరిచారు, దేశంలో అదే మొదటిది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ దాని వెనకాల ఉన్న మనిషి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1942లో మూతపడేదాకా జనం వెళ్ళి చూసేవాళ్ళు. అయితే దానికి సముద్రం ఎదురుగానే ఉంది. సముద్రం పక్కన అక్వేరియం పెట్టడం వేరు, వంద కిలోమీటర్ల లోపల పెట్టడం వేరు. అక్కడ నీళ్ళు పాడైతే కొత్త నీళ్ళు తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఉన్న నీళ్ళనే బాగు చేసుకోవాలి.

ఈ కష్టం మొదట పడింది లండన్ వాళ్ళు. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి బతికున్న పగడాలు లండన్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆమె భర్త మతాధికారి. తెచ్చిన సముద్రపు నీళ్ళు అయిపోతే మళ్ళీ తెప్పించుకోవడం అంత తేలిక కాదు. అందుకని రోజూ ఓ అరగంట, ముప్పావుగంట కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోయడమే పని. టీ కొట్టు మాస్టర్ టీ తిరగబోస్తాడు చూడండి, అలా. నీళ్ళలోకి గాలి ఎక్కాలి కదా. ఆ పని చేసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిమనిషి. చరిత్రలో ఆ అమ్మాయి పేరు పెద్దగా కనిపించదు. పోయినేడాది గాలివానకి రాత్రంతా కరెంట్ పోయినప్పుడు మా అమ్మ చెంబుతో సరిగ్గా ఇదే చేసింది. ఆ రాత్రి చేపలు బతికాయి. గాలి వల్ల చచ్చిపోలేదు అవి.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ ఇంకో అడుగు ముందుకేశాడు. తొట్టి అడుగున ఇసుక, మట్టి పరిచి, నీటి మొక్క నాటి, బంగారు చేపలు వదిలాడు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప తీసుకుంటుంది, లెక్క సరిపోవాలి. కానీ రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి. అప్పుడు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకులు తినేశాయి. వాటి గుడ్లూ పిల్లలూ చేపలకి తిండయ్యాయి. చెత్త పని చూసుకునేవాళ్ళు లేకపోతే సంసారం నడవదని ఆయనకి అర్థమైంది. కాకపోతే కంటికి కనిపించే నత్తల దగ్గరే ఆగిపోయాడు. 1853లో లండన్ జూలో ఫిలిప్ గాస్ సాయంతో మొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది ఆయన రాసిన పుస్తకంతో ఆ పేరే ప్రపంచానికి అలవాటైపోయింది. అప్పటికి ఇసుక అంటే అలంకారమే. మొక్క నిలబడటానికి, చూడటానికి బాగుండటానికి.

అసలు మలుపు అక్వేరియం వాళ్ళ దగ్గర రాలేదు. డ్రైనేజీ నీళ్ళ దగ్గర వచ్చింది.

దీనికి ముందు పెట్లుప్పు గురించి ఒక మాట. సురేకారం అని కూడా అంటారు. తుపాకీ మందులో ముఖ్యమైన సరుకు. మన దేశంలో పాత గోడల కింద, పశువుల కొట్టాల దగ్గర మట్టి తవ్వి, నానబెట్టి, ఆ నీళ్ళు కాచి తీసేవాళ్ళు. మూత్రం, పేడ ఇంకిన మట్టిలో అది దానంతటదే పుడుతుందని తరతరాలుగా తెలుసు. పుట్టించేది ఎవరో తెలియదు. అది నైట్రేట్. మూత్రంలోంచి వచ్చేది అమ్మోనియా. మధ్యలో ఏదో జరుగుతోంది. గాలి తగిలి జరిగే మామూలు రసాయన చర్యే అని చాలామంది అనుకున్నారు.

1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు ఒక పని చేశారు. పొడవాటి గొట్టం తీసుకుని దాని నిండా ఇసుక, సున్నపురాయి పొడి కలిపి పోశారు. పైనుంచి మురుగునీళ్ళు మెల్లగా వదిలారు. గొట్టం దాటి రావడానికి రోజులు పట్టేంత మెల్లగా. కింద వచ్చే నీళ్ళని పరీక్షించారు. ఇరవై రోజులపాటు ఏ మార్పూ లేదు. పోసిన అమ్మోనియా పోసినట్టే దిగింది. ఆ తర్వాత నైట్రేట్ రావడం మొదలైంది, అమ్మోనియా తగ్గుతూ చివరికి మాయమైంది.

ఇక్కడ ఆ ఇరవై రోజుల్ని గమనించండి. ఇది వట్టి రసాయన చర్యే అయితే మొదటి రోజే జరగాలి. ఇసుక మొదటి రోజూ ఉంది, గాలీ ఉంది. ఇరవై రోజులు ఎందుకు ఆగింది? లోపల ఏదో పెరుగుతోంది కాబట్టి. దాన్ని తేల్చడానికి గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. పని ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసినా మళ్ళీ మొదలవలేదు. చచ్చింది చచ్చినట్టే ఉంది. అప్పుడు కాస్త తోట మట్టి కలిపిన నీళ్ళు పోశారు. కొన్ని రోజులకి నైట్రేట్ మళ్ళీ వచ్చింది.

దీన్ని మన భాషలో ఏమంటారో చెప్పనా? తోడు వేయడం. కాచిన పాలు వాటంతటవి పెరుగు కావు. నిన్నటి పెరుగు చుక్క పడాలి. ఆ తోట మట్టి ఆ చుక్క. నేను ఉప్పాడ ఇసుకకి చేసింది ఆ క్లోరోఫాం పని. బోరు నీళ్ళు, ఆపైన వేడినీళ్ళు. తోడు లేకుండా చేసి, మరుసటి రోజే చేపల్ని వదిలాను. చేప మొప్పల్లోంచి రోజంతా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. ఉప్పునీళ్ళ పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి మంచినీళ్ళ ట్యాంక్‌లో కంటే అక్కడ దాని విషం ఎక్కువ. ఆరు రోజులు ఆ రెండు చేపలూ వాటి విషంలోనే ఈదాయి.

1890లో సెర్గీ వినొగ్రాడ్‌స్కీ ఆ పని చేసే బ్యాక్టీరియాని విడిగా పెంచి చూపించాడు. అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చేవి ఒక రకం, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేవి ఇంకో రకం. ఇవి నీళ్ళలో తేలుతూ తిరగడం కంటే దేన్నైనా పట్టుకుని ఉండటానికే ఇష్టపడతాయి. ఇసుక గొప్పతనం ఇక్కడుంది. నా ట్యాంక్ లెక్క చెబుతాను. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 మందం, అంటే 18 లీటర్ల ఇసుక. ఒక్కో రేణువు మిల్లీమీటర్ ఉండి, గుండ్రంగా ఉందనుకుందాం. మధ్య ఖాళీలు పోను అన్ని రేణువుల పైభాగాలు కలిపితే 65 చదరపు మీటర్లు వస్తుంది. దాదాపు 700 చదరపు అడుగులు. చిన్న టూ బీహెచ్‌కే ఫ్లాట్ అంత. ఆ రెండడుగుల డబ్బాలో కింద ఒక ఫ్లాట్ ఖాళీగా ఉంది, అద్దెకొచ్చేవాళ్ళు రావాలి. రేణువు సగానికి తగ్గితే ఫ్లాట్ రెండింతలవుతుంది.

తర్వాత అరవై, డెబ్బై ఏళ్ళు ఇంటి అక్వేరియంల దాకా ఈ జ్ఞానం పెద్దగా రాలేదు. 1950ల తర్వాత కంకర కింద ప్లాస్టిక్ జల్లెడ పెట్టి, కంకర గుండా నీళ్ళు లాగే ఫిల్టర్లు బాగా వాడుకలోకి వచ్చాయి. 1961లో జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ తన పద్ధతి గురించి ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. సముద్రంలోంచి జీవం ఉన్న రాళ్ళు తెచ్చి వేసి, గాలి బుడగలు వదలడం తప్ప ఇంకే ఫిల్టరూ లేదు. ఆయనకి సముద్రం పక్కనే ఉంది లెండి. 1980లలో ఫ్రాన్స్‌కి చెందిన జాన్ జోబేర్ ఇంకో రకంగా ఆలోచించాడు. అడుగున జల్లెడ పెట్టి దాని కింద రెండు మూడు సెంటీమీటర్లు నీళ్ళు మాత్రమే ఉంచి, పైన మందంగా పగడపు ఇసుక పరిచాడు. ఇసుకలో కిందికి వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. అక్కడ ఉండే బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్ లాగేసుకుని, మిగిలిన నైట్రోజన్‌ని గాలిగా వదిలేస్తుంది. బుడగై పైకొచ్చి పోతుంది. పై పొర అమ్మోనియాని నైట్రేట్ చేస్తే, కింది పొర నైట్రేట్‌ని ఇంట్లోంచే పంపేస్తుంది. 1990లలో అమెరికాలో రాన్ షిమెక్ అనే జంతుశాస్త్రవేత్త జల్లెడ కూడా అక్కర్లేదు, సన్నటి ఇసుక 10 సెంటీమీటర్లకి పైగా పరిచి, అందులో పురుగుల్ని బతకనివ్వండి, అవే తవ్వుతాయి అని చెప్పాడు. కొన్నేళ్ళకి ఆ ఇసుక చెత్తతో నిండిపోయి ట్యాంక్ మొత్తం పాడవుతుందని ఇంకో వర్గం అడుగున అసలు ఇసుకే లేకుండా పెంచడం మొదలుపెట్టింది. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. కుళ్ళిన కోడిగుడ్డు వాసనొస్తూ నల్లబడిన ఇసుక పొరని తెలియక కలిపేసి, ట్యాంక్ మొత్తం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. కదపకపోతే దాని దారిన అది ఉంటుంది.

ఇప్పుడు ఈ పురుగుల దగ్గరికే వద్దాం, ఎందుకంటే ఇక్కడ మన వైజాగ్ వస్తుంది. నేను ఈ వీడియో చేయాలనుకున్నదే దీనికోసం.

వైజాగ్ వెళ్ళినవాళ్ళందరూ ఆర్కే బీచ్ ఇసుకలో నడిచే ఉంటారు. ఆ కాళ్ళ కింద ఏముందో చూసినవాళ్ళు ఆంధ్రా యూనివర్సిటీలో ఉన్నారు. జువాలజీ ప్రొఫెసర్ పి. ఎన్. గణపతి, ఆయనతో జి. చంద్రశేఖర రావు, వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో బతికే జీవుల మీద పని చేశారు. 1962లో ఒక పరిశోధన, 1968లో ఇంకొకటి అచ్చయ్యాయి. రేణువు మీద కాదు, రేణువుకీ రేణువుకీ మధ్య ఉండే సందులో బతికేవి. ఒక మిల్లీమీటర్ జల్లెడలోంచి జారిపోయేంత చిన్నవి. జర్మనీలో అడాల్ఫ్ రెమానె లాంటివాళ్ళు 1920ల నుంచే ఇలాంటివాటిని వెతుకుతున్నారు. మన తీరంలో ఈ వెతుకులాట జరిగింది వాల్తేరులో.

వాటిని బయటికి ఎలా తీస్తారనేది నాకు భలే నచ్చింది. ఇసుకని మగ్గులో వేసి మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం పోస్తారు. రేణువుని పట్టుకుని ఉన్న జీవులు మత్తెక్కి పట్టు వదిలేస్తాయి. మగ్గు తిప్పి, బరువైన ఇసుక అడుక్కి చేరగానే పైన నీళ్ళు వంపేస్తారు. బియ్యం కడిగి కడుగు వంపినట్టే. ఆ కడుగులో ఉంటాయి అన్నీ. సన్నటి దారాల్లాంటి నెమటోడ్లు, చిన్న రొయ్యల బంధువులైన కోపిపాడ్లు, పొట్ట కింద సన్నటి నూగుతో జారుతూ వెళ్ళే గాస్ట్రోట్రిక్‌లు. ఆ గాస్ట్రోట్రిక్‌లలో ఒకదానికి వాళ్ళిద్దరూ మాక్రోడాసిస్ వాల్తేరెన్సిస్ అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఎవరు ఆ జాతి పేరు రాసినా వాల్తేరు పేరు రాయాల్సిందే. కంటికి కనిపించనంత చిన్న జీవి, ఇంటిపేరు మాత్రం మనది.

ఇవి ఏం తింటాయి? రేణువుల మీద పెరిగే బ్యాక్టీరియాని, నాచుని మేస్తాయి. మేస్తూ తిరగడం వల్ల సందులు మూసుకుపోవు, నీళ్ళు లోపలికి వెళ్తూ ఉంటాయి. ష్లోజింగ్ గొట్టంలో పాకీపని వాళ్ళున్నారు. వాల్తేరు ఇసుకలో వాళ్ళతోపాటు ఊరంతా ఉంది. నేను సంచిలో తెచ్చింది ఆ ఊరిని. వేడినీళ్ళు పోసింది ఆ ఊరి మీద.

ఉప్పాడ సంగతి ఇంకా ఒకటి ఉంది. ఆ ఊరిని సముద్రం ఏళ్ళ తరబడి కోసుకుంటూ వస్తోంది. ఇళ్ళు పోయాయి, కాకినాడ రోడ్డు మళ్ళీ మళ్ళీ తెగింది. ఇసుక లేక కొట్టుకుపోతున్న ఊళ్ళో నేను ఇసుక సంచి నింపుకున్నాను. ఒక్క సంచికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంగ్లండ్‌లో గాస్ పుస్తకాలు చదివినవాళ్ళూ అలాగే అనుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో జాడీ పట్టుకుని తీరానికి వెళ్ళారు. చివరికి ఆ రాళ్ళ మధ్య మడుగులు బోసిపోయాయి. కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో ఈ విషయం బాధగానే చెప్పాడు. మన దగ్గర 2001 జూలైలో పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అది. ఎవరైనా మీకు పగడపు ముక్కల ఇసుక అమ్ముతామంటే అది ఎక్కడిదో అడగండి.

మరి నా ఇసుక ఎక్కడిది? వాగు ఇసుక వాడితే అది ఎక్కువగా క్వార్ట్జ్. బ్యాక్టీరియాకి ఇల్లవుతుంది, కానీ నీళ్ళ పీహెచ్ పడిపోతుంటే ఏమీ చేయదు. అమ్మోనియా నైట్రేట్ అయ్యేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ష్లోజింగ్ గొట్టంలో సున్నపురాయి పొడి ఆ పనికి పనికొచ్చింది. వైజాగ్, భీమిలి వైపు నల్ల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ ఉంటాయి. గార్నెట్ గట్టిది, అద్దం తుడిచే మాగ్నెట్ కింద ఒక్క రేణువు ఇరుక్కున్నా గీత పడుతుంది. కాబట్టి నాకు సున్నం ఉన్న ఇసుక కావాలి, పగడం కాకూడదు. చివరికి దొరికింది కోళ్ళ దాణా కొట్లో. గుడ్డు పెంకు గట్టిపడటానికి కోళ్ళకి వేసే గుల్లల పొడి. దాన్ని జల్లించి, దుమ్ము పోయేదాకా కడిగి, క్వార్ట్జ్ ఇసుకతో సగం సగం కలిపాను. మొత్తం 28 కిలోలు పట్టింది. కొట్టాయన "ఎన్ని కోళ్ళున్నాయి బాబూ" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక పది అన్నాను.

తోడు హైదరాబాద్ నుంచి వచ్చింది. మా ఫ్రెండ్ ట్యాంక్ రెండేళ్ళుగా నడుస్తోంది. వాడి దగ్గర గుప్పెడు తడి ఇసుక టిఫిన్ బాక్సులో తెచ్చి, కడగకుండా, పైన చల్లాను. తిండిగా సంతలో కొన్న ఎండు రొయ్యలు రెండు వేశాను, అవి కుళ్ళితేనే అమ్మోనియా వస్తుంది. రోజూ టెస్ట్ చేసి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాను. ఆరో రోజుకి అమ్మోనియా పెరిగింది. పదిహేనో రోజుకి నైట్రైట్ మొదలైంది. ఇరవై ఏడో రోజు అమ్మోనియా సున్నా. ముప్పై ఎనిమిదో రోజు నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం 20 దగ్గరే నిలబడి ఉంది, తగ్గట్లేదు. కింది పొర ఇంకా పనిలోకి దిగలేదు. దానికి నెలలు పట్టొచ్చు. ఇప్పుడు చేపని వేస్తే బతుకుతుందని నాకు తెలుసు. అయినా వేయలేదు. పోయినేడాది ఆ రెండింటిని పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టాను, అక్కడే ఉప్పాడ ఇసుక కూడా పోశాను. ఆ పక్కగా వెళ్ళిన ప్రతిసారీ ఇంకో వారం ఆగుదాం అనిపిస్తోంది.

మొన్న రాత్రి చవక యూఎస్‌బీ మైక్రోస్కోప్ కింద ఒక చెంచా ఇసుక పెట్టాను. స్క్రీన్ మీదకి వస్తున్న క్లిప్ అదే. ముందు ఏమీ కదలదు, కాస్త ఓపిక పట్టండి. కుడివైపు ఆ పెద్ద గుల్ల ముక్క పక్కన, ఇదిగో, దారం లాంటిది మెలికలు తిరుగుతోంది చూశారా? నెమటోడ్ అనుకుంటున్నాను. అమ్మకి చూపిస్తే దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది.

"దీనికేం పెడుతున్నావురా తిండి?" అని అడిగింది.